చిలుకల జతను ఇంటికి తెచ్చే ముందు

గత రజబ్ నెలలో ఆళ్ళగడ్డలోని మా ఖాలాను చూడడానికి వెళ్ళినప్పుడు ఆమె మా ముందు ఒక కోరిక ఉంచారు. వాకిట్లోని వేపచెట్టు కొమ్మకు వేలాడే పంజరంలో ఆమె పన్నెండేళ్ళుగా ఒక రామచిలుకను పెంచుతున్నారు. కొడుకులిద్దరూ బతుకుతెరువు కోసం కువైట్ వెళ్ళిపోయిన తరువాత ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే ప్రాణి అదొక్కటే. "మీ నంద్యాల ఇంట్లో పిట్టలు జతలు జతలుగా ఉన్నాయి కదా నాయనా! దీనికీ ఒక ఆడపిట్టను చూసిపెట్టండి. పిల్లల్ని పెడితే ఇల్లు కళకళలాడుతుంది" అన్నారు.

గేటు చప్పుడైతే చాలు, ఆ చిలుక సలాము చెబుతుంది. వచ్చినవారు నవ్వుతూ జవాబు చెబుతారు. చిలుక నోట సజ్దా ఆయతు వింటే సజ్దా చేయడం తప్పనిసరి కాదని హనఫీ ఫిఖా గ్రంథాలలో చర్చించారంటే, మాట్లాడే చిలుకలు ముస్లిముల ఇళ్ళలో ఎంత కాలంగా ఉంటున్నాయో ఊహించవచ్చు. ఖాలా కోరిక చిన్నదే. అయినా మేము వెంటనే సరేననలేకపోయాము. దానికి కారణం చెప్పాలంటే ముందుగా మా ఇంట్లో జరిగిన తప్పును చెప్పుకోవాలి.

మా తొలి జత

అయిదేళ్ళ క్రితం పిల్లలు పట్టుబట్టగా నంద్యాల బజారులో ఆరు వందల రూపాయలు పెట్టి ఒక జతను కొన్నాము. అంగళ్ళలో వీటిని 'లవ్ బర్డ్స్' అంటారు. నిజానికి అవి బడ్జీలు. అసలైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండానికి చెందినవి. వాటి ముక్కు పెద్దది, తోక పొట్టిది. బడ్జీ మాత్రం ఆస్ట్రేలియా మెట్టనేలలలో గుంపులుగా తిరిగే చిన్న చిలుక. బరువు ముప్పై నలభై గ్రాములకు మించదు. జాన్ గౌల్డ్ అనే ఆంగ్ల పక్షిశాస్త్రవేత్త 1840లో వాటిని సజీవంగా ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అప్పటి నుండి తరతరాలుగా అవి పంజరాలలోనే పుట్టి పెరుగుతున్నాయి. నేడు మన బజారులో కనిపించే పసుపు, తెలుపు, నీలం రంగుల పిట్టలన్నీ ఆ పెంపకంలో పుట్టినవే. అడవి బడ్జీ ఆకుపచ్చగానే ఉంటుంది.

మేము కొన్నది మార్చి నెలలో. అంగడి యజమాని చెప్పినట్టే పంజరానికి ఒక మట్టి ముంతను కట్టాము. ఏప్రిల్‌లో ఆడపిట్ట రోజు విడిచి రోజు ఒక్కొక్కటిగా అయిదు గుడ్లు పెట్టింది. పద్దెనిమిది రోజులు పొదిగితే మూడు పగిలాయి. పిల్లలు ఆ ముంతలోకి తొంగిచూడని పూట లేదు. పంజరాన్ని మేడమీది రేకుల షెడ్డు కింద ఉంచాము. గాలి బాగా వస్తుందనుకున్నాము. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నంద్యాల ఎండ గురించి ఈ ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు. జుహర్ నమాజు చేసుకుని మేము కింద గదిలో పడుకున్నాము. అసర్ వేళకు పైకి వెళ్ళిచూస్తే మూడు పిల్లలూ చనిపోయి ఉన్నాయి. తల్లి ముంత నుండి కదలలేదు, అదీ వాటి మీదే ప్రాణం విడిచింది. మగపిట్ట ఒక్కటే నోరు తెరచి, రెక్కలు దూరంగా చాచి రొప్పుతూ మిగిలింది.

పక్షికి చెమట గ్రంథులు ఉండవు. ఒంటి వేడిని ప్రధానంగా నోటితో రొప్పడం ద్వారా బయటికి పంపుతుంది. గాలి కూడా వేడెక్కి, రేకుల నుండి సెగ దిగుతుంటే ఆ ఉపాయం పనిచేయదు. స్వేచ్ఛగా ఉన్న పక్షి నీడను వెతుక్కుని ఎగిరిపోతుంది. మా పిట్టకు ఆ దారి లేదు. ఆ దారిని మూసినవారము మేమే.

ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, అది బయట తిరిగి పురుగూ పుట్రా తినే అవకాశమూ ఇవ్వక చంపినందుకు నరకానికి పాత్రురాలైందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు మనందరికీ తెలుసు. ఆ రోజు దాని అర్థం మాకు వేరుగా తోచింది. ఆ స్త్రీ పిల్లిని కొట్టినట్టుగానీ హింసించినట్టుగానీ అందులో లేదు. బంధించి పట్టించుకోలేదు, అంతే.

మా చిన్నవాడు మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. వాడికి అబూ ఉమైర్ కథ చెప్పాము. హజ్రత్ అనస్ (రజి) గారి తమ్ముడు అబూ ఉమైర్‌కు ఒక చిన్న పిట్ట ఉండేది, అది చనిపోయింది. దైవప్రవక్త (స) వారింటికి వచ్చినప్పుడు విచారంగా కూర్చున్న ఆ పసివాడిని పలకరించి, నీ నుఘైర్ ఏమైందని ప్రాస కుదిరేలా, ముద్దుగా అడిగారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. ఇబ్నుల్ ఖాస్ అనే షాఫయీ పండితుడు దీని నుండి గ్రహించదగిన విషయాలు అరవై దాకా ఉన్నాయని ప్రత్యేకంగా ఒక పుస్తకమే రచించారు. పిల్లలు ఆడుకోవడానికి పక్షిని పెంచుకోవచ్చనడానికి, తిండీ నీరూ లోటు లేకుండా చూస్తే పంజరంలో ఉంచవచ్చనడానికి ఉలమా ఆధారంగా చూపేదీ ఈ హదీసునే. మా వాడు మాత్రం ఒకే ప్రశ్న అడిగాడు: "అబూ ఉమైర్ పిట్టను కూడా ఎండలో పెట్టారా అబ్బా?"

నేర్చుకున్నది

ఆ తరువాత ఒక సంవత్సరం పాటు మేము కొత్త పిట్టను తేలేదు. అడిగి తెలుసుకున్నాము, చదివాము. అందులో మన ఇళ్ళకు పనికివచ్చేది ఇక్కడ రాస్తున్నాము.

మగ, ఆడ తేడా తెలియకుండా 'జత' అని కొనేవారు చాలామంది. బడ్జీ ముక్కు మీద, నాసికారంధ్రాల చుట్టూ మెత్తటి చర్మం ఉంటుంది. పెద్ద మగపిట్టకు అది నీలంగా, ఆడదానికి గోధుమ రంగుగానో తెల్లగానో ఉంటుంది. పిల్లదశలో రెండింటికీ గులాబీ రంగే. పూర్తి పసుపు, పూర్తి తెలుపు రకాలలో మగవాటికి పెద్దయినా గులాబీ రంగే నిలుస్తుంది కనుక అక్కడ పొరపాటు సులభం. ఒకే ఈతలో పుట్టిన అన్నాచెల్లెళ్ళను జతగా కట్టి అమ్మడమూ మామూలే. అందువలన రెండింటినీ రెండు చోట్ల కొనడం మేలు. ఏడాది నిండని ఆడపిట్టను గుడ్లకు వదలరాదు. లేత వయసులో గుడ్డు అడ్డం పడి చనిపోయేవి ఎక్కువ.

గుడ్డు అడ్డం పడడానికి మరొక ముఖ్య కారణం సున్నపు లోటు. పెంకు గట్టిపడడానికి, గుడ్డును బయటికి నెట్టే కండరానికి కాల్షియం కావాలి. అంగళ్ళలో 'కటిల్ బోన్' అని అమ్మే తెల్లని బిళ్ళ మన పెద్దలు సముద్రపు నురుగు అని పిలిచేదే. అది పంజరంలో ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. ఉడికించిన కోడిగుడ్డును పెంకుతో సహా చిదిమి వారానికి రెండుసార్లు పెడితే పొదిగే తల్లికీ, పిల్లలకు మేత అందించే తండ్రికీ బలం.

మేత విషయంలో మన జిల్లావారు అదృష్టవంతులు. బడ్జీలకు ప్రధానాహారమైన కొర్రలు మన పొలాలలోనే పండుతాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో కంగ్నీ అనేదీ వీటినే. సూర్యనంది అనే పేరుగల కొర్ర రకం నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వచ్చినదే. పొట్టు తీయని కొర్రలనే పెట్టాలి, కొన్ని సజ్జలు, కొద్దిగా వడ్లు కలపవచ్చు. కొత్తిమీర, తోటకూర, మునగాకు బాగా కడిగి వేయాలి. గింజలు ఒక్కటే తిన్న పిట్టకు కొవ్వు చేరుతుంది, విటమిన్లు అందవు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పదలచాము. బడ్జీ గింజను ఒలిచి పప్పు తిని, పొట్టును మేతగిన్నెలోనే వదులుతుంది. చూసేవారికి గిన్నె నిండుగానే కనిపిస్తుంది. లోపల ఒక్క గింజ ఉండదు. ఎంతో ప్రేమగా చూసుకునే ఇళ్ళలో కూడా నిండు గిన్నె ముందు పిట్టలు ఆకలితో చనిపోయేది ఇందువల్లనే. ఉదయం ఫజర్ తరువాత గిన్నెను చేతిలోకి తీసుకుని పొట్టును ఊది చూడాలి. ఈ పనిని మా ఇంట్లో పిల్లలకు అప్పగించాము గానీ, ఊదారా లేదా అని చూసే పని మేమే పెట్టుకున్నాము.

పంజరం ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. పిట్ట అడ్డంగా ఎగురుతుంది, హెలికాప్టరులా నిట్టనిలువుగా కాదు. వంటింట్లో పంజరం ఉంచరాదు. నాన్‌స్టిక్ పెనం మాడితే వెలువడే పొగ మనకు వాసనగా కూడా తెలియకపోవచ్చు, కానీ పక్షి నిమిషాలలో చనిపోతుంది. దోమల చుట్ట పొగ, జుమా నాడు మనం వేసే సాంబ్రాణి, ఊదు పొగ కూడా వాటి ఊపిరితిత్తులకు పడవు. చీమలు ముంతలోకి ఎక్కితే కళ్ళు తెరవని పిల్లలను బతకనివ్వవు. పంజరం వేలాడే తీగకు నూనెలో తడిపిన గుడ్డ చుడితే చాలు, చీమల మందు చల్లవద్దు. ఎండిన రెట్ట దుమ్ము పీల్చడం వలన మనుషులకు సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. కనుక పంజరాన్ని పొడిగా ఊడ్చకుండా నీళ్ళు చల్లి తుడవాలి. గర్భిణులకు ఆ పని చెప్పకూడదు. పక్షులున్న ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడిదగ్గు తగ్గకపోతే మా ఇంట్లో చిలుకలున్నాయని డాక్టరుకు చెప్పడం మరచిపోరాదు.

ఇక పిల్లలు పెట్టించడం. ముంత కడితే బడ్జీలు గుడ్లు పెడతాయి, ముంత తీసేస్తే చాలావరకు మానుకుంటాయి. అంటే నిర్ణయం వాటిది కాదు, మనది. మన ప్రాంతంలో వానలు వెనుకపట్టిన తరువాత అక్టోబరు నుండి ఫిబ్రవరి దాకానే ముంత ఉండాలి. మార్చి రాగానే దించేయాలి. ఏడాదికి రెండు ఈతలకు మించి పెట్టిస్తే తల్లి ఒళ్ళు గుల్లవుతుంది. పిల్లలు ముప్పై నుండి ముప్పై అయిదు రోజులకు ముంత నుండి బయటికి వస్తాయి. ఆ తరువాత కూడా కొన్నాళ్ళు తండ్రే నోటికి అందిస్తాడు. ఆరు వారాలు నిండి, సొంతంగా గింజ ఒలుచుకోవడం కళ్ళారా చూసిన తరువాతనే వేరు చేయాలి.

ఆ పైన లెక్క ఒకటి ఉంది. ఈతకు అయిదు చొప్పున ఏడాదికి పది పిల్లలు. మరుసటి ఏడు ఆ పదీ జతకడితే? మాకు తెలిసిన ఒకరు సరదాగా రెండు జతలతో మొదలుపెట్టి, మూడో ఏడు గది నిండా పిట్టలతో, మేత ఖర్చు భరించలేక, అడిగినవాడికీ అడగనివాడికీ అట్టపెట్టెలలో పెట్టి పంచారు. వాటిలో ఎన్ని బతికాయో ఆయనకూ తెలియదు. అందుకే పుట్టబోయే పిల్ల ఎవరింటికి వెళుతుందో ముందుగా తేల్చుకున్నాకే మేము ముంత కడతాము. ఎవరికైనా ఇచ్చేముందు వారి పంజరం చూస్తాము. కొందరికి ఇది అతిగా కనిపిస్తుంది, కనిపించనీ.

పెద్ద చిలుకలపై మనసుపడే వారికి మరొక సూచన. సన్ కోన్యూర్, ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటివి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటీస్ జాబితాలో ఉన్నవి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం వాటిని ఉంచుకున్నవారు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వాటికి పిల్లలు పుట్టినా తెలియజేయాలి. బడ్జీ, కాకటీల్‌లు ఆ జాబితాలో లేవు. లవ్ బర్డ్స్‌లో గులాబీ ముఖపు రకం ఒక్కదానికే మినహాయింపు. తక్కిన రకాలకు లేదు. అమ్మేవాడు 'ఏమీ కాదు సార్' అనడాన్ని ఆధారంగా తీసుకోకండి.

రామచిలుక వేరు

మళ్ళీ ఖాలా కోరిక దగ్గరికి వద్దాము. ఆమె పంజరంలోనిది బడ్జీ కాదు. అది మన నేలపైన, నల్లమల అంచులలో, జొన్న, పొద్దుతిరుగుడు చేలపై గుంపులుగా వాలే రామచిలుక. దాని మెడ చుట్టూ నల్లని, గులాబీ రంగుల పట్టీ ఉంది కనుక మగదే. దానికి ఆడజత కావాలంటే ఎక్కడి నుండి వస్తుంది? రామచిలుక చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. చలి చివర నుండి వేసవి దాకా గూళ్ళ కాలం. ఆ కాలంలో చెట్లెక్కి తొర్రలలో చేతులు పెట్టి, ఈకలు సరిగా రాని పిల్లలను లాగి బుట్టలలో వేసుకుని సంతలకు తెచ్చేవారున్నారు. ఒకదానిపై ఒకటి కుక్కిన ఆ పిల్లలలో కొన్ని దారిలోనే చనిపోతాయి. సంతలో ఒక పిల్లను కొన్నవాడు అది బతికిందని సంతోషిస్తాడు. చనిపోయినవి అతడి కంటబడవు.

ప్రయాణంలో ఉన్న సహాబాలు ఒక పిట్ట పిల్లలను తీసుకోగా తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరిగిన సంఘటనను హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. దైవప్రవక్త (స) అది చూసి, దాని బిడ్డల కారణంగా దాన్ని బాధపెట్టినదెవరని అడిగి, వాటిని తల్లికి తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ హదీసు, అబూ ఉమైర్ హదీసు పక్కపక్కన పెట్టి చదువుకోదగినవి. పక్షిని పెంచుకోవచ్చునని మొదట చెప్పిన హదీసు నుండి తెలిస్తే, గూటి నుండి తెచ్చుకునే దారి మనకు లేదని ఇది తెలుపుతోంది.

దేశ చట్టమూ ఇదే చెబుతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. 2022 సవరణ తరువాత సాధారణంగా మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. వీధులలో చిలుక జోస్యం చెప్పేవారి దగ్గర కనిపించేవీ ఈ పక్షులే. ఆ జోస్యంతో మనకు పని లేకపోయినా, మన వాకిళ్ళలోని పంజరాల సంగతేమిటి? చేనిపై వాలిన గుంపును రైతు డబ్బా మోగించి తోలుతాడు. ఆ పక్షి అతడికి శత్రువే. అయినా పంజరంలో బంధించడు. మనం ప్రేమిస్తున్నామంటూ బంధిస్తాము.

ఈ సంగతులన్నీ ఖాలాకు ఎలా చెప్పాలా అని నంద్యాల నుండి ఆళ్ళగడ్డకు నలభై కిలోమీటర్ల దారి పొడవునా ఆలోచించి, రెండోసారి వెళ్ళినప్పుడు చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "సంతలో కొన్ననాడు నాకు ఇవేమీ తెలియవు. ఇప్పుడు జత వద్దంటున్నావు, సరే. మరి దీన్నేం చేయమంటావు? పన్నెండేళ్ళు నా చేతి మేత తిన్నది. పంజరం తలుపు తీస్తే పుణ్యమంటావా?"

కాదన్నాము. ఇది ఎంతోమంది చేసే పొరపాటు. రెక్కల ఈకలు కత్తిరించిన పక్షిని, మేత వెతకడం, డేగను చూసి తప్పుకోవడం నేర్వని పక్షిని ఒక్కసారిగా వదిలితే అది సాయంత్రానికి పిల్లి పాలో కాకుల పాలో అవుతుంది. దానికి దారి అటవీశాఖ వారికి అప్పగించడమే. ఈకలు రాలి కొత్తవి వచ్చాక ఎగరగలిగితే గుంపులోకి పంపుతారు, లేకపోతే వారి రక్షణలోనే ఉంచుతారు.

"నన్ను జైల్లో పెడతారేమో!" అన్నారు ఖాలా, సగం నవ్వుతూ, సగం నిజంగానే భయపడుతూ. మేము తోడు వస్తామన్నాము. అప్పటికి ఆమె ఏమీ తేల్చలేదు. రంజాన్ గడిచింది. ఈదుకు కువైట్ నుండి కొడుకులు ఫోను చేసినప్పుడు వారినీ అడిగారట. ఈదు వెళ్ళిన తరువాతి వారం ఆమే మాకు కబురు పంపారు.

అటవీశాఖ ఉద్యోగి పంజరాన్ని అందుకుని, పక్షి వయసు, ఏం తింటుంది, ఎన్నాళ్ళ నుండి ఉంది అని అడిగి రాసుకున్నారు. తానుగా తెచ్చి ఇచ్చినందుకు ఖాలాను ఒక్క మాట అనలేదు. ఆమె సంచిలో నుండి జామపండ్లు, నానబెట్టిన శనగలు తీసి బల్ల మీద పెట్టి, ఉదయం పూట ఇవి తింటుందని రెండుసార్లు చెప్పారు. మేము బయటికి వస్తుంటే లోపలి నుండి అది సలాము చెప్పింది. ఖాలా గుమ్మం దగ్గర ఆగి జవాబు చెప్పి వచ్చారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పుట్టిన ఒక బడ్జీ జతను ఆమెకు ఇస్తామన్నాము. రెండు వేర్వేరు ఈతలవి, రక్తసంబంధం లేనివి. వద్దన్నారు. పది రోజుల తరువాత ఫోను చేసి, వేపచెట్టు కింద కాక వరండాలో ఎండ తగలని గోడ చూసి మేకు కొట్టించానని, వెడల్పాటి పంజరమే కొనమని చెప్పారు. మేము పిట్టలతో పాటు ముంతను కూడా తీసుకువెళ్ళాము. ఖాలా దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, అటక మీద పెట్టమన్నారు.

"ఎండలు పోనీ నాయనా! అక్టోబరులో చూద్దాము."